నీళ్ల డివిడెండు

నమోదు 61

ఎండబెట్టే గదిలో వేడి పంతొమ్మిది, తేమ యాభై ఎనిమిది. నిన్న వేలాడదీసిన పూత ఇంకా మెత్తగానే ఉంది. కాడ వంచితే వంగుతోంది, టక్కున విరగడం లేదు. ఇంకో వారమైనా పడుతుంది.

పని గురించి రాయవలసింది ఇంతే. కానీ గోడ పలక అడుగున "ఇతర విషయాలు" అని కొంత ఖాళీ ఉంటుంది. నాకంటే ముందు ఈ గది చూసిన అమ్మాయి అందులో ఏమీ రాసేది కాదట. అక్కడ రాసింది ఎవరూ చదవరని సూపర్‌వైజరుగారే అన్నారు. ఎవరూ చదవరంటేనే నాకు రాయాలనిపించింది. నేను ఐదో తరగతి దాకా చదివాను. మనుషుల ఎదుట నాకు గొంతు పెగలదు. పలక ఎదుట అంత భయం ఉండదు.

ఇవాళ డివిడెండు పడింది. పొద్దున్నే అత్తయ్యగారు నీళ్ల మీటరుకు దండం పెట్టుకున్నారు. సముద్రం వచ్చి మా వాళ్ల ఊళ్లు మునిగిపోయినప్పుడు అందరినీ ఈ కొండ మీది మేడలోకి తెచ్చి, పోయిన పొలాలకు బదులు ఇంటికొక వాటా ఇచ్చారు. సిద్ధపత్రి దుకాణాల కంపెనీలో వాటా. ఈ మేడ పై అంతస్తుల్లో గంజాయి పెరుగుతుంది, నా గదిలో ఎండుతుంది, కింద మైదానంలోని దుకాణాల్లో అమ్ముడవుతుంది. ఇప్పుడు అది మందుల షాపులాంటి వ్యాపారమే అయినా మా పెద్దవాళ్లు ఆ పేరు పలకరు. "ఆకు" అంటారు.

లాభంలో మా వంతు నెలన్నరకోసారి వస్తుంది. డబ్బుగా కాదు, నీళ్లుగా. కొండ మీద డబ్బిచ్చినా నీళ్లమ్మేవాళ్లు లేరు, ఉన్న పెద్ద ట్యాంకు కంపెనీదే. సర్కారు నీళ్లు మనిషికింత అని కొలిచి వదులుతారు. మనుషులకు అవి సరిపోతాయి. గేదెకు సరిపోవు.

ఈ మేడ మొత్తానికి ఒక్కటే గేదె, మా చుక్కమ్మ. దాని అమ్మమ్మను వరదలో పడవెక్కించి తెచ్చారట. చుక్కమ్మ ఇప్పుడు చూడితో ఉంది. పితికేది నేనే కాబట్టి, "ఈసారి పెయ్యదూడ పుడితే అది నీదే అమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక ఒకటి నాది అని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

నమోదు 70

తేమ తగ్గింది. కాడలు విరుగుతున్నాయి.

లిఫ్టు తలుపు మీద కంపెనీ వాళ్లు ఒక నోటీసు అంటించారు. మూడేళ్ల పాటు డివిడెండు ఇవ్వరట. లాభమంతా పెట్టి మైదానంలో కొత్త దుకాణాలు తెరుస్తారట. దాని మీద వచ్చే ఆదివారం వాటాదారుల సమావేశం.

వాటాలన్నీ ఆడవాళ్ల పేరునే ఉన్నాయి. మగాళ్ల చేతికిస్తే మొదటి నెల్లోనే అమ్మేసుకుంటారని అప్పట్లో సర్కారు అలా పెట్టింది, అమ్మకూడదని షరతు కూడా రాసింది. అత్తగారికి అరవై దాటితే వాటా కోడలి పేరు మీదికి మారుతుంది. కాబట్టి మాట చెప్పవలసింది మేం కోడళ్లమే. మగవాళ్లు వెనక వరసల్లో కూర్చుని చూడవచ్చు.

సాయంత్రం నీళ్ల పంపు దగ్గర అందరూ నా చేత నోటీసు చదివించారు. నాలుగో అంతస్తు కాసులమ్మ చెంబు గట్టిగా కింద పెట్టింది.

"మూడేళ్లా? ఆళ్లింట్లో పెళ్లికి మనం పస్తుండాలా?"

"మా మావగారు సభకొచ్చి నా ఎనకాలే కూచుంటారంట. ఆయన ముందు నోరెత్తితే ఇంటికెళ్లాక ఉంటది నాకు" అంది ఒకామె.

"నోరెత్తడం దేనికే?" అంది కాసులమ్మ. "ఎత్తకుండా ఉంటే సాలదా? పెళ్లిసూపుల్లో ఆ కళ్లజోడు సంబంధానికి నువ్వేం జేశావు? అవుననలేదు, కాదనలేదు. గోడ వంక సూత్తా కూచున్నావు. ఆళ్లకి అర్థమై లేచెల్లిపోలేదా?"

అందరూ నవ్వారు. మా వాళ్లలో అంతే. పెద్దవాళ్లు అడిగినదానికి ఇష్టమైతే "ఆయ్" అంటాం. ఇష్టం లేకపోతే ఊరుకుంటాం. పెద్దవాళ్ల మొహం మీద కాదనడం ఎవరికీ తెలియదు, ఆ అవసరమూ రాలేదు. కోడలు ఊరుకుంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

"ఆదివారం ఒక్కరు కూడా ఆయ్ అనకూడదు. అందరం గోడ వంక సూద్దాం" అంది కాసులమ్మ.

నమోదు 73

ఇవాళ సెలవు. అయినా గదిలోకి వచ్చి రాస్తున్నాను.

హాలు నిండింది. కంపెనీ తరఫున హిమజగారని ఒకామె వచ్చారు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటారేమో. మాకు తెలిసిన మాటల్లోనే ఓపికగా చెప్పారు. మైదానంలో ఇప్పుడు ప్రతివాడూ బాల్కనీలో ఆకు పెంచుకుంటున్నాడట. మన దుకాణానికి వచ్చేవాళ్లు సరుకు నమ్మకంగా ఉంటుందని వస్తున్నారట. పోటీ కంపెనీ సందుకొక దుకాణం తెరుస్తోందట. మనం తెరవకపోతే మూడేళ్ల తర్వాత పంచుకోవడానికి లాభమే మిగలదట.

"మూడేళ్లు ఊపిరి బిగబట్టుకోమని మా గేదెకి మీరే సెప్పండమ్మా, మా మాట ఇనదది" అన్నారు వెనక నుంచి మా మావయ్యగారు. హాలంతా నవ్వులు.

హిమజగారు కూడా నవ్వారు. "డివిడెండు ఆగినా మీ వాటా విలువ పెరుగుతుంది బాబాయిగారూ."

"ఇలువ బాల్చీలో పడుద్దా అమ్మా?"

"ఇప్పుడు పడదండి. తర్వాత ఇంకా ఎక్కువ పడుతుంది."

ఆమె మోసం చేస్తున్నట్టు నాకు అనిపించలేదు. తను చెప్పేది నమ్మే చెబుతోంది.

తర్వాత ఒక కాగితం పైకి చదివారు. "అభ్యంతరమును వాచికముగా వ్యక్తపరచని సభ్యుల వాటాలు తీర్మానమునకు అనుకూలముగా లెక్కించబడును." పెళ్లిలో మంత్రం వింటున్నట్టు అందరూ తలలు వంచుకుని విన్నారు. కాసులమ్మ కొంగు సర్దుకుంది. నాకు మాత్రం ఆ మాటలు ఎక్కడో చదివినట్టు అనిపించింది. నా గది పలక మీద ఇలాంటి వాక్యమే ఉంది. "హెచ్చరికను వ్యక్తపరచనిచో గది సవ్యముగా ఉన్నట్లు లెక్కించబడును." అంటే నేను మీట నొక్కకపోతే బూజు పట్టినా గది బాగున్నట్టే. పనిలో చేరిన మొదటి నెలలో ఒకసారి అలాగే నొక్కక, ఒక దండెం పూతంతా పోయింది. అప్పటి నుంచి ఆ వాక్యానికి అర్థం నాకు బాగా తెలుసు.

మేం ఊరుకుంటే ఒప్పుకున్నట్టు.

పైకప్పులో ఉన్న పెట్టె మా గొంతులు గుర్తుపడుతుంది. అది ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ వచ్చింది. పిలిచిన ప్రతి మనిషీ గోడ వంక చూసింది. నా పేరు వచ్చేలోపు నేను లేచి, వద్దు అని ఒక్క మాట అనాలి. ఆ మాట నాలుక మీదికి కూడా వచ్చింది. సరిగ్గా నా వెనక మావయ్యగారు దగ్గారు. అది మామూలు దగ్గే.

"గుత్తుల నూకరత్నం" అంది పెట్టె.

నేను గోడ వంక చూశాను.

చివర్న పెట్టె "ఏకగ్రీవం" అంది. వెనక వరసల్లో మగవాళ్లు చప్పట్లు కొట్టారు. మా ఆడవాళ్లందరూ ఏకంగా కాదన్నారని వాళ్ల సంతోషం. హిమజగారు ఆ చప్పట్లు చూసి చేతులు జోడించారు. ఆమె సంతోషం వేరు.

నమోదు 74

నిన్న రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యగారు చుక్కమ్మ పాలతో సేమ్యా వండారు. మావయ్యగారు నా విస్తట్లో రెండోసారి వేయించారు. "మా కోడలు పిల్ల రాయిలా కూచుందే. కదిలితే ఒట్టు" అన్నారు.

సేమ్యా సగం వదిలేసి లేచాను. తర్వాత మా ఆయనకు చెప్పాను. మా ఆయన పేరు తాతాజీ, లిఫ్టులు బాగుచేసే పని. మంచి మనిషి. దేన్నీ పెద్దగా పట్టించుకోడు.

"ఏవండీ, మనం కాదన్లేదండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు అని ఆవిడ సదివారు."

"ఎవరు సెప్పారే నీకు?"

"నా గదిలో పలక మీద కూడా అలాగే..."

ఆయన పగలబడి నవ్వాడు. "నువ్వూ నీ పలకా! అంతమంది ఆడోళ్లు నోరు మూసుక్కూచుంటే కాదన్నారని పిట్టక్కూడా తెలుత్తది. ఆవిడ సదువుకున్న మనిషి, ఆ మాత్రం తెలీదా? పడుకో."

ఇంకా చెప్పాలని ఉంది. కానీ అప్పటికే నేను ఆ రోజు మాట్లాడగలిగినదంతా మాట్లాడేశాను.

నమోదు 79

వేడి పంతొమ్మిది, తేమ యాభై ఐదు.

లిఫ్టు తలుపు మీద ఇంకో కాగితం. తీర్మానం మీద ఎవరైనా ఒక్క వాటాదారు పదిహేను రోజుల్లోగా ఆఫీసుకు వచ్చి అభ్యంతరం చెబితే చాలు, సమావేశం మళ్లీ పెడతారట. ఈసారి ఎవరూ నా చేత చదివించలేదు. గెలిచామనుకున్నాక కాగితాలెందుకు? నేనే నిలబడి చదివాను.

ఒక్కరు చాలు. పంపు దగ్గర చెబుదామనుకుని బిందె పట్టుకుని వెళ్లాను. అక్కడ కాసులమ్మ హాల్లో హిమజగారి నడకను నటించి చూపిస్తోంది. అందరూ కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. అంత సంతోషంగా వాళ్లను నేను ఎప్పుడూ చూడలేదు. బిందె నింపుకుని వచ్చేశాను.

నమోదు 83

ఆఫీసుకు వెళ్లాను. మా ఆయనకు చెప్పలేదు. కొత్త చీర కట్టుకున్నాను, మాట కొంచెం ధైర్యంగా వస్తుందేమోనని.

హిమజగారు బల్ల దగ్గర ఒక్కరే ఉన్నారు. నన్ను చూడగానే లేచి కుర్చీ చూపించారు.

"రండమ్మా. కూర్చోండి. చెప్పండి."

నేను కూర్చోలేదు. వద్దు అనే మాట దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను. ఆమె గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చారు. నీళ్ల కోసం పోట్లాడదామని వచ్చి ఆమె నీళ్లు తాగుతున్నానని సిగ్గేసింది. అంతలో వెనక లిఫ్టు తలుపు తెరుచుకుంది. గంగరాజుగారు దిగారు. మావయ్యగారికి తమ్ముడి వరస.

"ఏమ్మా రత్నం, ఇక్కడేం పని నీకు?"

హిమజగారు నా వంక చూశారు. "మీకేదైనా అభ్యంతరం ఉందా అమ్మా? ఉంటే చెప్పండి. నేనేమీ అనుకోను."

ఇంతకంటే దగ్గరగా ఎవరు అడుగుతారు? ప్రశ్న ఆమె నోటి నుంచే వచ్చింది. నేను చెప్పవలసింది ఒక్క మాట.

"ఏం లేదండి. ఊరికే వచ్చాను" అన్నాను.

గంగరాజుగారు లిఫ్టు తలుపు పట్టుకుని నా కోసం ఆగారు. ఇంటి దాకా నా వెనకే వచ్చారు. పదిహేను రోజులు అయ్యేలోపు మళ్లీ వెళ్లాలని అనుకుంటున్నాను.

నమోదు 102

ఇవాళ డివిడెండు రోజు. అత్తయ్యగారు మీటరు ముందు దండం పెట్టుకుని నిలబడ్డారు. ముల్లు కదల్లేదు. ఆవిడ మీటరు అద్దం పగిలిందేమోనని కొంగుతో తుడిచి చూశారు.

తొమ్మిదింటికల్లా మగవాళ్లంతా ఆఫీసు ముందున్నారు. హిమజగారు కాగితం చూపించి, సమావేశంలో నమోదైన మౌనాన్ని వినిపించారు. మౌనాన్ని ఎలా వినిపిస్తారో నేను అనుకోలేదు. పెట్టె ఒక్కొక్కరి పేరు పిలవడం, తర్వాత ఏమీ లేకపోవడం. నా పేరు దగ్గర మావయ్యగారి దగ్గు వినిపించింది.

"అది కాదనడమమ్మా!" అని అరిచారు మావయ్యగారు. "మా ఆడోళ్లు కాదంటే అలాగే ఉంటారు!"

హిమజగారి మొహం పాలిపోయింది. "మీరంతా చప్పట్లు కొట్టారు కదండీ" అన్నారామె. "నాకెలా తెలుస్తుంది? ఒక్కరైనా చెప్పి ఉంటే..." గడువు దాటిపోయింది. మళ్లీ వెళ్లాలని రోజూ అనుకుంటూనే నేను వెళ్లలేదు. కొత్త దుకాణాలకు కట్టవలసినదంతా కంపెనీ కట్టేసింది.

సాయంత్రం పంపు దగ్గర కాసులమ్మ నవ్వలేదు. నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "నీకు సదువొచ్చుగదే రత్నం. ఆ రోజు నీకు గానీ అర్థమయ్యిందా?"

నేను ఊరుకున్నాను.

"అదేలే, నీకు మాత్రం ఎలా తెలుత్తది" అని నా బిందె ఎత్తి నా నడుం మీద పెట్టింది.

మాలో ఊరుకోవడమంటే కాదనడమే కదా. నేను అబద్ధం చెప్పలేదు. నా బదులు నా ఊరుకోవడమే చెప్పింది.

నమోదు 118

తేమ యాభై రెండు. బయట ఎండలు ముదిరాయి.

చుక్కమ్మకు మా స్నానాల నీళ్లు ఇస్తున్నాం. మావయ్యగారు స్నానం మానేసి తడిగుడ్డతో తుడుచుకుంటున్నారు. గోనెసంచులు తడిపి దాని వీపు మీద కప్పుతున్నాం. గంటలో ఆరిపోతాయి. గేదెకు ఒళ్లు తడవకపోతే లోపల కాగిపోతుంది. మెడ దగ్గర తోలు బీటలు వారింది. పాలు సగానికి తగ్గాయి.

ఎండబెట్టే గదిలో పూత వదిలిన తేమ ఒక గొట్టంలోంచి కారి బకెట్లో పడుతుంది. దాన్ని మళ్లీ ట్యాంకుకు పంపాలి. నిన్న ఒక బకెట్ దాచి కిందికి తీసుకెళ్లాను. చుక్కమ్మ మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పేసుకుంది. ఆకు వాసన. రెండోసారి దగ్గరకు జరిపితే బకెట్‌ను కొమ్ముతో నెట్టేసింది. ఒలికిన నీళ్ల వంక చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

లిఫ్టులో ఉన్న తెర మీద రోజూ మా వాటా ధర కనిపిస్తుంది. పెరుగుతూనే ఉంది. హిమజగారు చెప్పింది నిజమే. గంగరాజుగారు లిఫ్టులో మావయ్యగారిని పట్టుకుని, "అన్నయ్యా, నువ్విప్పుడు లచ్చాధికారివంట" అన్నారు.

"అవున్రా. గేదెకి ఆ తెర సూపించి జోకొట్టమంటావా?"

అమ్ముదామంటే వాటా అమ్మకూడదు, అది మొదటి నుంచీ ఉన్న షరతు. మా ఆయన ఆఫీసుకు రెండుసార్లు వెళ్లి అడిగి వచ్చాడు. వచ్చాక నాతో అన్నాడు, "నువ్వారోజు సెప్పావు. నేను నవ్వాను." ఆయన అలా అనకపోయినా బాగుండేది. తప్పంతా తనదే అనుకుంటున్నాడు. గంగరాజుగారి ముందు నేను ఏం లేదన్న సంగతి ఆయనకు తెలియదు.

నమోదు 126

చుక్కమ్మ రెండు రోజులుగా లేవడం లేదు. నెలలు నిండుతున్నాయి.

అత్తయ్యగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "కింద వాగు దగ్గర పండన్న అని ఒకాయన ఉన్నాడంట. నీళ్లున్న సోటు, రోజూ తోలుకెళ్లేంత దగ్గర కాదు గానీ. ఇచ్చేద్దామా అమ్మాయ్?"

నేను ఊరుకున్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు కాదంటావని తెల్సే. నేనూ కాదనే అంటాను. కాదంటే నీళ్లెక్కణ్ణించొత్తాయే?"

ఇన్నాళ్లూ ఇంట్లో నా ఊరుకోవడాన్ని అర్థం చేసుకుని ఆ మాటను అక్కడితో ఆపేసింది ఆవిడే. ఈసారి అర్థం చేసుకుని కూడా ఆపలేకపోయారు.

నమోదు 128

పండన్న తెల్లవారుతూనే వచ్చాడు. డబ్బు వద్దన్నారు మావయ్యగారు. పండన్నే ఒక బస్తా రాగులు దింపాడు. రాత్రంతా మా ఆయనా, మేడలో వాళ్లూ తమ కొలత నీళ్లలోంచి చెంబెడు చెంబెడు తెచ్చి పోస్తే చుక్కమ్మ లేచి నిలబడింది. కాసులమ్మ రెండు చెంబులు తెచ్చింది.

అత్తయ్యగారు బయటికి రాలేదు. మా ఆయన తాడు విప్పి పండన్న చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాడు. చుక్కమ్మ కదల్లేదు.

"ఇది ఎవుల మాట ఇంటాది? పితికేదెవులు? దీని గునాలు ఎవులు సెబుతారు?" అని అడిగాడు పండన్న.

అందరూ నా వంక చూశారు. మావయ్యగారున్నారు, గంగరాజుగారున్నారు, ముక్కూ మొహం తెలియని కొండ మనిషి ఉన్నాడు. నేను ముందుకు వెళ్లాను.

"ఎడం పక్కన కూచోవద్దండి, తన్నుద్ది. కుడి పక్క నించి రావాలి. ముందు పేరు పెట్టి పిలవండి, సుక్కమ్మా అని, అప్పుడు పాలు సేపుద్ది. ఎనక కుడి సన్ను గట్టిగా ఉంటది, దాన్ని ఆఖర్న పితకండి. గొడుగు సూత్తే బెదురుద్ది. ఇదే మొదటి ఈత కాదు గానీ పోయినసారి దూడ అడ్డం తిరిగింది, నొప్పులు మొదలైతే ఒంటరిగా వదలొద్దు, ఎవరో ఒకరు మెడ మీద సెయ్యేసి మాట్లాడతా ఉండాలి. ఏదైనా పర్లేదు, ఏదో ఒకటి మాట్లాడాలి. వాగులో లోతుకి పోనివ్వకండి, ఎన్నాళ్లో అయ్యింది కదా నీళ్లలో దిగి, ఒక్కసారే దిగితే బయటికి రాదు..."

ఇంకా చెబుతూనే ఉన్నాను. మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకే తెలియలేదు. పండన్న తల ఊపుతూ అంతా విన్నాడు. "పెయ్య పుడితే కబురెడతానమ్మా" అన్నాడు. పెట్టమనీ అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను.

నేను తాడు పట్టుకుని నాలుగడుగులు వేస్తే చుక్కమ్మ నా వెనకే కదిలింది. మలుపు దాకా నడిపించి తాడు పండన్న చేతికిచ్చాను. వెనక్కి తిరిగితే మావయ్యగారు అక్కడే నిలబడి ఉన్నారు. నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"ఇంత గొంతుందేటమ్మా నీకు?"

"ఆ రోజు కూడా ఉందండి మావయ్యగారూ" అన్నాను. "ఊరుకుంటే ఒప్పుకున్నట్టని ఆరోజే నాకు తెలుసండి. తర్వాత ఆఫీసుకి కూడా ఎల్లానండి. ఆవిడ అడిగారండి. నేను సెప్పలేదండి."

గంగరాజుగారు తల దించుకున్నారు. మావయ్యగారు తిట్టలేదు. కొట్టినా బాగుండేది. కండువా తీసి మొహం తుడుచుకున్నారు, రాతి మీద కూర్చుండిపోయారు. "ఆ రోజు నీ ఎనకాల కూచున్నది నేనే కదమ్మా" అన్నారు.

కింద దూరంగా వాగు కనిపిస్తోంది. ఎండెక్కే వేళకు చుక్కమ్మ దాని అంచు దాకా నడిచి ముందుకాళ్లు నీళ్లలో పెట్టి తల వంచింది. పండన్న తాడు వదులు చేసి పక్కన నిలబడ్డాడు. అది తాగుతూనే ఉంది. ఒక్కసారి కూడా కొండ వంక తల ఎత్తలేదు.